కర్త లేని నష్టాలు

రూపాయి పడిపోతే ఎగుమతిదారుకు లాభం, ఎగుమతిదారుకు లాభం వస్తే రొయ్యకు ధర, రొయ్యకు ధర వస్తే కోనసీమ బాగుపడినట్టే అని మూడు మెట్ల వాదం ఒకటి మన ప్రాంతంలో చెలామణీ అవుతున్నది. చదువుకున్నవాళ్లే దీన్ని ఎక్కువగా చెపుతున్నారు. ఈ వాదంలో మొదటి మెట్టు చాలా వరకు నిజం. రెండోది సగం అబద్ధం. మూడోది పూర్తి అబద్ధం. మొదటి మెట్టు మీద నిలబడి మూడో మెట్టును చూపించేవాళ్లు మాత్రం ఆర్థికవేత్తలుగా గౌరవం పొందుతున్నారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి మారకపు రేట్లతోను, బాండ్ల ధరలతోను ఏం పని అని పాఠకులు అడగవచ్చు. నా సమాధానం ఇది. స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన కంపెనీలు మూడు నెలలకొకసారి ప్రకటించే ఫలితాల పత్రం కూడా ఒక రచనే. అందులో కథనం ఉంది. ముందుకు తెచ్చిన పాత్రలున్నాయి, తెర వెనక దాచిన పాత్రలున్నాయి. ప్రబంధంలో శ్లేషను విప్పి చూపించటానికి మనం తరగతిలో గంటలు గంటలు ఖర్చు పెడుతున్నాం. ఊరి చెరువు గట్టు మీది బతుకును నిర్ణయించే ఈ శ్లేషను విప్పటం ఎవరి పని? అకౌంటెంట్ల పని అనుకుని మనం వదిలేశాం. మనం వదిలేసింది ఎవరికి కావాలో వాళ్లే పట్టుకున్నారు.

ముందు ఆ పత్రం ఎట్లా పని చేస్తుందో చూద్దాం.

ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ. పోలవరం, ఉప్పలగుప్తం, అల్లవరం మండలాలలో వరిచేలు చాలా వరకు రొయ్యల చెరువులయినాయి. మన దేశంలో వెనామీ రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చిన తరువాత ఈ మార్పు మరీ ఉద్ధృతమయింది. ఇక్కడ పట్టిన రొయ్యకు అతి పెద్ద బజారు అమెరికా. అక్కడ బేరం డాలర్లలో జరుగుతుంది. కాకినాడలోని అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్, మేత తయారు చేసి రొయ్యను కూడా ఎగుమతి చేసే అవంతి ఫీడ్స్ వంటి కంపెనీలు షేర్లు అమ్ముకున్న కంపెనీలు గనక మూడు నెలలకొకసారి లెక్క చెప్పాలి. మూడు నెలల గడువు ముగిసిన 45 రోజుల లోగా, ఏడాది చివరి లెక్కయితే 60 రోజుల లోగా చెప్పాలని సెబీ నిబంధన.

ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఒక కంపెనీ ఆగస్టులో లక్ష డాలర్ల సరుకు ఓడ కెక్కించింది. ఆ నాడు డాలరు 86 రూపాయలు. అమ్మకం 86 లక్షలని రాసుకుంది. డబ్బు వచ్చేది నవంబరులో. ఈలోగా సెప్టెంబరు 30 వచ్చింది, మూడు నెలల లెక్క మూసే రోజు. ఆ రోజు డాలరు 88 అయిందనుకోండి. రావలసిన బాకీని 88 లక్షలుగా తిరిగి కట్టాలి. ఒక్క రూపాయి చేతికి రాకుండానే, ఒక్క రొయ్య అదనంగా అమ్మకుండానే, 2 లక్షల లాభం పత్రంలోకి ఎక్కింది. నవంబరులో డబ్బు వచ్చేనాటికి డాలరు 87కు దిగింది. ఇప్పుడు తరువాతి మూడు నెలల ఖాతాలో లక్ష నష్టం. సరుకు అదే, ఓడ అదే, కొన్నవాడూ అదే. ఒక త్రైమాసికం నవ్వింది, మరొకటి ఏడ్చింది.

ఈ ఊగిసలాట నుంచి తప్పుకోవటానికి కంపెనీకి ఒక సాధనం ఉంది. దాన్ని ఫార్వర్డ్ కాంట్రాక్టు అంటారు. నవంబరులో రాబోయే డాలర్లను ఫలానా ధరకు కొనమని ఆగస్టులోనే బ్యాంకుతో ఒప్పందం చేసుకోవచ్చు. అందుకు కొంత ఖర్చవుతుంది. కంపెనీ తప్పుగా అంచనా వేస్తే ఒప్పందం మీదనే కాగితపు నష్టం కనిపించవచ్చు కూడా. అయినా గొడుగు గొడుగే. చెరువు చేసే కౌలురైతుకు ఇటువంటి గొడుగు అమ్మే బ్యాంకు ఏదయినా ఉంటే చూపించండి.

పెద్ద కంపెనీకి కూడా ఒక్కోసారి ఈ గొడుగు చాలదు. హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వెనిజులాలో మందులు అమ్మింది. అక్కడి బొలివార్ విలువ కుప్పకూలింది. డబ్బు దేశం దాటించటం కష్టమయింది. 2016 మార్చితో ముగిసిన త్రైమాసికంలో కంపెనీ లాభం దారుణంగా పడిపోయింది. పడిపోవటానికి ముఖ్య కారణాలలో ఈ వెనిజులా నష్టం ఒకటి. మందు చెడిపోలేదు, చేసిన కార్మికుడి చెయ్యి వంకర పోలేదు. వేరే ఖండంలో ఒక నాణెం కూలితే హైదరాబాదులో ఒక కంపెనీ లెక్క తలకిందులయింది. నాణెం విలువ అనేది కొలబద్ద మాత్రమే అని నమ్మేవాళ్లు ఈ ఉదాహరణ గురించి ఆలోచించాలి. కొలబద్దే సాగుతూ కుంచించుకుపోతూ ఉంటే ఆ కొలతలో ఎవరి ముల్లె ఎవరి మూటలోకి పోతున్నదో అడగక తప్పదు.

ఇక బాండ్ల సంగతి. ఇది మరింత దూరపు విషయంలాగా కనిపిస్తుంది గాని నిజానికి మరింత దగ్గరిది. కొబ్బరి అమ్మగా మిగిలిన నాలుగు రూపాయలు, గల్ఫ్ నుంచి కొడుకో కూతురో పంపిన డబ్బు మనవాళ్లు బ్యాంకులో వేస్తారు. బ్యాంకు తన డిపాజిట్లలో కనీసం ఇంత భాగం ప్రభుత్వ బాండ్ల వంటివాటిలో పెట్టాలని చట్టం ఉంది. 2020 ఏప్రిల్‌లో ఆ భాగాన్ని 18 శాతంగా నిర్ణయించారు. అంటే ముమ్మిడివరంలో వేసిన డిపాజిట్టులో కొంత ప్రభుత్వ రుణపత్రంగా మారుతుంది.

బాండు ధరా, వడ్డీ రేటూ తక్కెడలోని రెండు సిబ్బెల వంటివి. ఒకటి లేస్తే మరొకటి దిగుతుంది. 100 రూపాయల బాండు పదేళ్ల పాటు ఏటా 7 రూపాయలు ఇస్తుందనుకుందాం. బజారులో కొత్త బాండ్లు 8 రూపాయలు ఇవ్వటం మొదలు పెడితే పాతదాన్ని 100కు ఎవరు కొంటారు? లెక్క కడితే దాని ధర సుమారు 93 రూపాయలకు దిగుతుంది. 1,000 కోట్ల బాండ్లున్న బ్యాంకుకు సుమారు 67 కోట్లు పోయినట్టు. పోయినట్టు అనే అన్నాను, పోయిందని కాదు. గడువు దాకా ఉంచుకుంటే ప్రభుత్వం 100 రూపాయలూ చెల్లిస్తుంది. అయినా ఆ రోజు బజారు ధరకు లెక్క కట్టాలి అంటే త్రైమాసికం మీద దెబ్బ పడుతుంది.

2022 ఏప్రిల్ నుంచి జూన్ దాకా సరిగ్గా ఇదే జరిగింది. రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు పెంచింది, బాండ్ల ధరలు పడ్డాయి. స్టేట్ బ్యాంకు ఆ మూడు నెలలలో 6,549 కోట్ల కాగితపు నష్టం చూపించవలసి వచ్చింది. లాభం 6,068 కోట్లకు తగ్గింది. బాండు నష్టం మిగిలిన లాభం కంటె పెద్దది! అంతకు ముందు 2017 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అదే బ్యాంకు 2,416 కోట్ల నికర నష్టం ప్రకటించింది. మొండి బాకీలతో పాటు బాండ్ల ధరలు పడటం కూడా అందుకు కారణం.

ఇక్కడ మనం జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు కరుణించింది. 2017 డిసెంబరుతోను, 2018 మార్చితోను ముగిసిన త్రైమాసికాల బాండు నష్టాలను ఒక్కసారిగా మింగనక్కర్లేదు, నాలుగు త్రైమాసికాల మీద పరుచుకోవచ్చునని బ్యాంకులకు వెసులుబాటు ఇచ్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి నియమాలే మారాయి. అమ్మకానికి సిద్ధంగా ఉంచుకున్న బాండ్ల ధర మారితే ఆ హెచ్చుతగ్గులు లాభనష్టాల ఖాతాలోకి రాకుండా నేరుగా ఒక నిల్వ ఖాతాకు పోతాయి. అదే బాండు, అదే పతనం, కాకపోతే కూచునే గది మారింది. ఈ మార్పుకు లెక్కల శాస్త్రంలో కారణాలు లేకపోలేదు. అంతర్జాతీయ పద్ధతులకు దగ్గర కావటం వాటిలో ఒకటి. నేను వాటిని తోసిపుచ్చటం లేదు. నేను అడిగేది ఒక్కటే. కాలాన్ని నాలుగు ముక్కలుగా సాగదీసే అధికారం ఈ దేశంలో ఎవరికి ఉంది, ఎవరికి లేదు?

రైతుకు త్రైమాసికం లేదు. అతనికి ఉన్నది పట్టుబడి. మూడు నాలుగు నెలలు మేత వేసి, కరెంటు పోయినప్పుడల్లా డీజిలు పోసి ఏరియేటర్లు తిప్పి, తెల్ల మచ్చ రోగం రాకుండా దేవుళ్లకు మొక్కి, పట్టిన రోజున కౌంటుకు ఎంత పలికితే అంత. ఆ రోజు ధర పడితే నష్టాన్ని నాలుగు పట్టుబడుల మీద పరిచే అధికారం అతనికి ఎవరూ ఇవ్వరు. చెరువు కౌలు, మేత కొట్టు బాకీ, సీడు బాకీ, కమీషన్ ఏజెంటు ఇచ్చిన అడ్వాన్సు అన్నీ ఒకే రోజు గుమ్మం ముందు కూచుంటాయి.

రూపాయి పడితే ఈ రైతుకు ఏమవుతుందో చూడండి. తల్లి రొయ్యలు విదేశాల నుంచి డాలర్లకు వస్తాయి గనక సీడు ఖర్చు పెరుగుతుంది. మేతలో కలిపే దిగుమతి సరుకు ప్రియమవుతుంది. ముడి చమురు డాలర్లలో కొనేదే గనక డీజిలు మీద భారం పడుతుంది. ఇవన్నీ రైతు వైపు తప్పకుండా దిగి వచ్చే బరువులు. ఎగుమతిదారు చేతికి అదనంగా వచ్చే రూపాయి మాత్రం తప్పకుండా దిగి రావాలన్న నియమం ఎక్కడా లేదు. అది దయ మీద, బేరం మీద ఆధారపడినది. బేరంలో చచ్చిన రొయ్యను ఐసులో పెట్టుకుని ఎదురు చూడలేనివాడే ఓడిపోతాడు.

మంచి కబురు నడిచి వస్తుంది, చెడ్డ కబురు ఎగిరి వస్తుంది అనటానికి మరొక సాక్ష్యం, మారకానిది కాదు, సుంకానిది. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించాడు. ఏప్రిల్ 9న దాన్ని తొంభై రోజులు వాయిదా వేశాడు. ఆ కొత్త సుంకం కింద పైసా వసూలు కాకముందే ఆంధ్రలో చెరువు గట్టు ధర పడిపోయింది. ఆ తరువాత ఆగస్టు 27 నుంచి సుంకం నిజంగానే 50 శాతానికి చేరింది. 2025 డిసెంబరులో రూపాయి కూడా మొదటిసారి డాలరుకు 90 దాటి దిగింది. వాషింగ్టనులో మాట అంటే చాలు, ముమ్మిడివరంలో ధర తగ్గుతుంది. ముంబాయిలో రూపాయి పడితే మాత్రం ముమ్మిడివరంలో ధర పెరగటానికి సవాలక్ష అడ్డంకులు!

దీనికి వచ్చే సమాధానం మనందరికీ తెలుసు. మారకపు రేట్లు వాతావరణం వంటివి, ఎవరి చేతిలోనూ లేవు అంటారు. మంచిది, వాతావరణమే అనుకుందాం. తుఫాను వచ్చి ప్రకృతి వైపరీత్యంగా ప్రకటిస్తే పంట రుణాల గడువు మార్చటానికి రిజర్వు బ్యాంకు మార్గదర్శక సూత్రాలు ఉన్నాయి. 1996 నవంబరు తుఫానును చూసిన కోనసీమకు వాతావరణం అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి ధర కూలితే ఆ సూత్రాలు వర్తిస్తాయా? వర్తించవు. ఎందుకంటే అది ప్రకృతి వైపరీత్యం కాదట! బాధ్యత అడిగినప్పుడు ధర వాతావరణం. సహాయం అడిగినప్పుడు ధర వ్యాపారం. ఈ రెండు నాలుకల వాదాన్ని మనం ఒక్కసారి గట్టిగా నిలదీస్తే చాలు.

నేను చెపుతున్నది కొత్త సంగతి కాదు. నూరేళ్ల కిందటే ఒకాయన దీన్ని తేల్చి చెప్పాడు. ఆయన పేరు ఇప్పుడు మన జిల్లా పేరులోనే ఉంది. 2022 మే 24న ఆ పేరు పెట్టవద్దని అమలాపురంలో అల్లరి మూక మంత్రి ఇంటినీ, మన ముమ్మిడివరం శాసనసభ్యుని ఇంటినీ తగలబెట్టింది. ఆ పేరు వద్దన్నవాళ్లు సరే, కావాలన్న మనలో మాత్రం ఎంతమందిమి ఆయన రూపాయి మీద రాసిన పుస్తకం తెరిచాం? లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సులో అంబేడ్కర్ చేసిన పరిశోధన 1923లో ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ’గా అచ్చయింది. వెండి విలువ పడిపోతూ వచ్చిన 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో రూపాయి మారకం దిగజారితే మన ఎగుమతులకు మేలని వాదించినవాళ్లు ఆనాడూ ఉన్నారు. ఆ వాదానికి ఆయన ఇచ్చిన సమాధానం సారాంశం ఇది. మారకం పడటం వల్ల వచ్చే లాభం బయటి నుంచి దేశానికి వచ్చేది కాదు, దేశంలోనే ఒక వర్గం నుంచి మరొక వర్గానికి పోయేది. ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనక పడుతుంది. ఆ మధ్య ఖాళీయే వ్యాపారి లాభం. హిల్టన్ యంగ్ కమిషన్ ముందు కూడా ఆయన ఈ మాట మీదనే నిలబడ్డాడు.

1966 జూన్ 6న డాలరు విలువను 4.76 రూపాయల నుంచి 7.50కి మార్చినప్పుడూ ఎగుమతులు పెరుగుతాయనే అన్నారు. 1991 జూలైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించినప్పుడూ అదే అన్నారు. ఎగుమతులు పెరిగాయా తగ్గాయా అనేదాని మీద పండితులు వాదించుకోనీయండి. పెరిగినది ఎవరి ఇంట్లో పెరిగింది అనే ప్రశ్న అంబేడ్కర్‌ది. మనది కూడా అదే కావాలి.

ఇక నా సొంత శిబిరంలోని మిత్రులతో ఒక మాట. వాళ్లలో కొందరు షేర్లూ బాండ్లూ జూదరుల గొడవ, కష్టజీవికి దానితో నిమిత్తం లేదు అంటున్నారు. వినటానికి ఇది చాలా విప్లవాత్మకంగా ఉంటుంది. కాని వస్తుగతంగా ఇది చేతులెత్తెయ్యటం. జూదం ఆడేవాడు తన డబ్బుతో ఆడితే అది వాడి ఖర్మ. పందెంలో ఒడ్డినది మన చెరువూ, మన డిపాజిట్టూ అయినప్పుడు పాచికల లెక్క నేర్చుకోక తప్పదు. ధర్మరాజు జూదమాడి ఓడితే ద్రౌపది సభలో నిలబడి అడిగినది న్యాయశాస్త్ర ప్రశ్న. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. జూదం పాపమని ఆవిడ ఉపన్యాసం ఇవ్వలేదు, ఆట నియమాన్నే పట్టుకుంది. సభ మూగపోయింది అందుకే.

ఎగుమతిదారులూ నష్టపోతున్నారు గదా అని మరొక ఆక్షేపణ. నిజమే. చిన్న ప్రాసెసింగు ప్లాంట్లు మూతబడ్డ రోజులూ ఉంటాయి. అక్కడ రొయ్య తల తీసే, పొట్టు ఒలిచే ఆడకూలీలకు పని పోయేదీ అప్పుడే. ఇది ఏ ఒక్క కంపెనీ దుర్మార్గమనీ నేను అనటం లేదు. వ్యక్తుల మంచి చెడ్డలతో నిమిత్తం లేకుండా నష్టాన్ని కిందికీ, లాభాన్ని పైకీ పంపించే ఏర్పాటు ఇది. అందుకే దీనికి వ్యక్తుల మంచితనం మందు కాదు.

మళ్లీ ఆ పత్రం దగ్గరికి వద్దాం. అందులోని భాషను వ్యాకరణ దృష్టితో చూడండి. ‘మారకపు నష్టం వాటిల్లినది’, ‘పునర్మూల్యాంకనం వల్ల లాభం తగ్గినది’. ఈ వాక్యాలలో మనిషి ఎక్కడున్నాడు? నష్టం దానంతటదే వాటిల్లుతుంది, లాభం దానంతటదే తగ్గుతుంది. లాభం పెరిగినప్పుడు మాత్రం ‘యాజమాన్యపు దూరదృష్టి’ అనే కర్త ఎక్కడి నుంచో ప్రత్యక్షమవుతాడు. లాభానికి కర్త ఉన్నాడు, నష్టానికి కర్త లేడు. కర్మ మాత్రం రైతుది. ఈ వ్యాకరణాన్ని విప్పి చూపించటం తెలుగు అధ్యాపకుడి పని కాకపోతే మరెవరి పని?

మన కథలలో వడ్డీ వ్యాపారి ఇంకా చావడిలో కూచుని ప్రోనోటు రాయించుకుంటూనే ఉన్నాడు. అతను చచ్చిపోయాడని నేను అనను. కాని అతని పక్కన మరొకడు వచ్చి కూచున్నాడు. వాడికి ముఖం లేదు, ఊరు లేదు, రోజుకొక రేటు ఉంది. వాణ్ణి పట్టుకోలేని కథ నిన్నటి శత్రువుతోనే కుస్తీ పడుతూ ఉంటుంది. 2011 ఖరీఫ్‌లో వరి వేస్తే గిట్టదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. రైతు తనంతట తాను లోకానికి ప్రకటించిన ఫలితాల పత్రం అదొక్కటే. దాన్ని విచారించటానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మన సాహిత్యం దాని మీద ఎన్ని పేజీలు ఖర్చు పెట్టింది?

చెయ్యవలసినవి నాకు మూడు కనిపిస్తున్నాయి. ఎగుమతి ధరకూ మారకపు రేటుకూ ముడిపెట్టి చెరువు గట్టు ధర కట్టే సూత్రం బహిరంగంగా ఉండాలి. చెరకుకు పంచదార రాబడిలో వాటా ఇవ్వాలని రంగరాజన్ కమిటీ 2012లో సిఫారసు చేయగలిగినప్పుడు రొయ్యకు అటువంటిది ఎందుకు ఆలోచించరాదు? రాష్ట్రంలో 2020 నాటి ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ఉండనే ఉంది. రెండోది, బ్యాంకులకు నాలుగు త్రైమాసికాలు ఇచ్చిన న్యాయమే ధర కూలిన పట్టుబడికి, కౌలుదారు బాకీకి వర్తించాలి. మూడోది మన చేతిలో ఉన్నది. ప్రతి కళాశాలలోను, ప్రతి ఉపాధ్యాయ సంఘంలోను మూడు నెలలకొకసారి ఒక సాయంత్రం కూచుని మన ప్రాంతపు కంపెనీల ఫలితాల పత్రాన్ని, అదే మూడు నెలల చెరువు గట్టు ధరలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదానిలో ఎక్కిన రూపాయి రెండోదానిలో ఎక్కడ దిగిందో వెతకాలి.

మొదటి రెండూ ప్రభుత్వాన్ని అడగవలసినవి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పత్రాలు బహిరంగమే. కర్త లేని ప్రతి వాక్యానికి కర్తను వెతికి పెట్టటం మనం చదువుకున్న చదువు. ఆ చదువును ఊరికి అక్కరకు తెద్దాం.